మోకాలి లోపలి నెలవంక

నందిగామలో ఆపరేషన్ బల్ల మీద కబడ్డీ ఆడే జెరూషా పడుకుని ఉంది. నడుము కిందంతా మత్తు. డాక్టరమ్మ లోపలికి దూర్చిన సన్నటి కెమెరా వల్ల, పక్కనున్న తెర మీద జెరూషా మోకాలి లోపలి భాగం నీళ్లలో మెరుస్తోంది.

“అదంతా నా మోకాలేనా మేడం? మునేటి నీళ్లలో మునిగి కళ్లు తెరిచినట్టుంది.”

“నీదే. ఆ తెల్లటి నెలవంకే మెనిస్కస్. రెండు ఎముకల మధ్య మెత్తలా ఉంటుంది.”

“చిరిగిపోయిందా?”

“లేదు. దాని అంచుని కింది ఎముకకి పట్టి ఉంచే సన్నటి లిగమెంటు తెగింది. చూడు, కొక్కెంతో కదిపితే ఎలా తేలుతోందో.”

“ఏమీ తెలియట్లేదు. వేరే ఎవరి కాలో చూస్తున్నట్టుంది.”

“ఆ పట్టు పోయాకే, కూతకెళ్లి వెనక్కి తిరిగినప్పుడల్లా నీకు కాలు జారింది.”

“పొద్దున చెప్పా కదా మేడం, వచ్చే నెల పోటీలున్నాయి. కదిలే ముక్క కోసేయండి.”

“కోస్తే తొందరగా ఆడతావు. కానీ ముప్పై ఏళ్లు రాకముందే ఎముకలు రాసుకుంటాయి. కుడితే ఆరు నెలలు ఆగాలి. ఆ అంచులో రక్తం పారుతుంది కాబట్టి అతుక్కుంటుంది.”

“అప్పటికి జట్టులో నా చోటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు.”

“ఇచ్చేస్తారేమో.”

“ఇన్నేళ్లూ నేను దూకినప్పుడల్లా నా బరువు ఇదే మోసిందా?”

“ఇదే.”

“ఇంత చిన్నదనుకోలేదు. ఎంత తెల్లగా ఉందో.”

“ఏం చేయమంటావు జెరూషా?”

“కుట్టండి మేడం. కుడుతున్నంతసేపూ చూస్తుంటా.”