ఖాళీ గడిని సున్నా కానివ్వని కృపావరం గారు

1977 సెప్టెంబరు పన్నెండవ తేదీన, విశాఖ ఓడరేవు ఉప్పుగాలితో ఏళ్లతరబడి పోరాడిన అనుభవంతోనూ, సతీమణి కరుణమ్మ గారు పట్టుబట్టి తొడిగించిన రెండు స్వెట్టర్లతోనూ, శ్రీ కృపావరం గారు అమెరికాలో మన అరోరా ఊరి గ్యాస్ కంపెనీలో తుప్పు నివారణ ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించారు.

భూగర్భంలోని గొట్టాలు తుప్పు పట్టకుండా స్వల్ప విద్యుత్తు అందించడం, ఆ రక్షణ నిలిచిందో లేదో దారి పొడవునా రీడింగులు తీయించి చూడడం వారి విధి. ఆ రీడింగులన్నీ అట్టకార్డుల మీద ఉండేవి; కావలసిన కార్డు మాత్రం ఎప్పుడూ ఇంకొకరి బల్ల మీద ఉండేది. 1984లో కంపెనీ కంప్యూటరు కొనగా, ప్రోగ్రామరు జగదీష్ సాయంతో వారొక చిన్న డేటాబేస్ రూపొందించారు: చోటు, తేదీ, రీడింగు. అంతే.

మరుసటి వసంతంలో వారు బంధువుల పెళ్లికి డాలస్ వెళ్లిన సమయంలో, రిపోర్టులో ఒక వీధి పొడవునా సున్నాలు వచ్చాయి. రక్షణ బొత్తిగా పోయిందనుకొని మేనేజరు తవ్వించారు. గొట్టం నిక్షేపంగా ఉంది. ఒక వృద్ధురాలి ట్యూలిప్ తోట లేదు. డేటాబేస్ మూసేసి కార్డులకే మళ్లాలన్న ఉత్తర్వు, తిరిగివచ్చిన కృపావరం గారికి స్వాగతం పలికింది.

ఆ సాయంత్రం జగదీష్‌ను ఇంటికి పిలిచారు.

“చలికాలం అక్కడ మంచు పేరుకుపోయిందయ్యా. రీడింగ్ తీయలేదు, ఖాళీగా వదిలేశాం.”

“ఖాళీగా ఉంటే ప్రోగ్రాం జీరో ప్రింట్ చేసేస్తుంది సార్!”

టీ అందిస్తున్న కరుణమ్మ గారు ఆగి, “నేను ఫోన్ ఎత్తకపోతే చచ్చిపోయాననుకుంటారా మీరిద్దరూ?” అన్నారు.

పొరపాటు తనదేనని మేనేజరుతో చెప్పి, కృపావరం గారు కొంత గడువు కోరారు. ‘రీడింగు తీశారా? లేకుంటే ఎందుకు?’ అన్న గడిని చేర్చారు. ఆ శరత్కాలంలో ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక చర్చికి వేసుకున్న సూటుతోనే వెళ్లి, ఆ వృద్ధురాలి తోటలో ట్యూలిప్ దుంపలు నాటి వచ్చారు. సూటు సంగతి కరుణమ్మ గారినే అడగాలి.

మంచు కరగగానే, ‘తీయలేదు’ అని ఉన్న చోట్లకే మనుషులు ముందుగా వెళ్లారు. ఒక బడి పక్కన రక్షణ నిజంగానే తగ్గిపోయి ఉంది; గ్యాస్ లీకు కాకముందే సరిచేశారు. కార్డుల బీరువాను మేనేజరు గారే బయటికి పంపించారు.

మన వంటిళ్లలో నీలిమంట నిశ్చింతగా వెలుగుతున్నదంటే, కంటికి కనబడని ఆ శ్రమకు మనమంతా ఋణపడి ఉన్నాము. పప్పు మాడితే మాత్రం ఆ బాధ్యత వారిది కాదు.

ఈ 1989 జూన్‌తో వారి ఉద్యోగపర్వం ముగుస్తున్నది. ఇకపై వారి క్యాలెండరులో గడులు ఖాళీగా కనబడవచ్చును. వాటిని సున్నాలనుకొని మన సంఘం కమిటీల్లోకి లాగబోయేవారికి కరుణమ్మ గారే సమాధానం చెప్పగలరు. ఆ పుణ్యదంపతులు సంపూర్ణ ఆరోగ్యంతో, ఆ వీధిలో ట్యూలిప్పులు పూసే వసంతాలను ఇంకా ఎన్నెన్నో చూడాలని మనఃపూర్వకంగా కోరుకొంటున్నాము.