పొగమంచులో చాచిన చెయ్యి

గీసిన బొమ్మలకి చెక్క చట్రాలు బిగించే పటాల మేస్త్రిలో ఒక సుగుణం ఉంది. బొమ్మలు చూడటం వచ్చినవాడు ఊళ్లో తానొక్కడేనన్న నిజాన్ని, ఎంత మొహమాటమైనా సరే, దాచడు. ఆ సాయంత్రం బొమ్మల హాలు ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద కూర్చుని ఆ నిజాన్నే మరోసారి, కాస్త గట్టిగా చెబుతున్నాడు. ఒంటికి కారం రాసుకున్నట్టుంది ఆయనకి. తనకి ప్రాణమైన చిత్రకారిణి బొమ్మలు, పాతవీ కొత్తవీ, రేపు హాల్లో పెడుతున్నారు. కొత్తవాటికి పటాలు కట్టింది మాత్రం వేరేవాడు. ఆవిడ తన కొట్టు గడప తొక్కి ఎనిమిదేళ్లయింది. ఎందుకో చెప్పనైనా లేదు.

"పేపర్లో వాడెవడో రాశాడు చూశారా? ఆవిడ పాత బొమ్మలో మంచులో నుంచున్న పిల్ల శూన్యంలోకి చెయ్యి చాచిందట! శూన్యమట, వాడి మొహం! ఆ బొమ్మకి పటం కట్టింది నేను. బల్ల మీద పెట్టి ఊరికే అలా చూశానో లేదో, నా కళ్లజోడు మసకేసింది."

"టీ ఆవిరై ఉంటుంది," అంది టీ అక్క గ్లాసులు కడుగుతూ.

"నువ్వూరుకో అక్కా! కళ్లజోడుతో ఆగిందా? మధ్యాహ్నానికల్లా ఆ మంచు బొమ్మలోంచి దిగి కొట్టంతా కమ్మేసింది. సుత్తి కోసం తడుముకోవాల్సొచ్చింది. పక్క కొట్టు దర్జీ పట్టపగలు దీపం పెట్టుకుని, 'గుడ్డలు తడిసిపోతున్నాయి మేస్త్రీ, నీ బొమ్మని కాస్త అటు తిప్పు' అని కాళ్లబేరానికొచ్చాడు. ఆ తర్వాత ఏమైందో చెప్పమంటారా?"

"వద్దంటే మానేస్తావా?" అన్నాడు వ్యాను బాబాయి. పొద్దుట్నుంచీ హాల్లో బొమ్మలు దించీ ఎక్కించీ నడుం పడిపోయిన మనిషి.

"ఆ చాచిన చెయ్యి ఉందే, అది బయటికొచ్చి నా మణికట్టు పట్టుకుంది! లోపలికి లాగేసింది. రెండు రోజులు తిరిగాను ఆ మంచులో, తిండీ తిప్పలూ లేకుండా. ఆకాశం మోకాలెత్తున ఉందక్కడ. చుక్కలు అరికాళ్లకి గుచ్చుకుంటుంటే ఏరి పక్కన పడేసుకుంటూ నడిచాను. తిరిగొస్తుంటే ఆ పిల్ల ఒకటే ఏడుపు. 'నన్ను చూసినవాడివి నువ్వొక్కడివే మేస్త్రీ' అంది. మూడు నెలలు జలుబు వదల్లేదు, కావాలంటే డాక్టర్నడుగు! అలాంటి నన్ను కాదని ఆవిడ, నిన్నగాక మొన్న కొట్టు తెరిచినవాడికి..."

బల్ల మీద గుద్దాడు. గ్లాసులు ఎగిరిపడ్డాయి.

బాబాయి తన గ్లాసుని అంతకన్నా గట్టిగా బల్లకేసి పెట్టాడు.

"రెండు రోజులు తిరిగావు కదా లోపల. మరి పిల్లాడు కనబడలేదా?"

"ఏ పిల్లాడు?"

"నువ్వు కట్టిన పటం ఇవాళ ఆవిడ నా చేతే విప్పించింది. నీ చెక్క కింద, బొమ్మ అంచున, నాలుగేళ్ల పిల్లాడున్నాడు. ఆ పిల్ల చెయ్యి చాచింది వాడి కోసం. ఆవిడ తమ్ముడట, ఆ వయసులోనే పోయాడట. ఎనిమిదేళ్లు వాడి మీద చెక్క బిగించి కూర్చున్నావయ్యా!"

మేస్త్రి చెయ్యి అడ్డంగా పెట్టి నాలుగు వేళ్లు చూపించాడు.

"చెక్క నాలుగు వేళ్లు బొమ్మ మీదికెక్కితేనే పటానికి బిగువు. ఆవిడకి అభ్యంతరమైతే చెప్పొచ్చుగా!"

"చెప్పడానికే నీ కొట్టుకొచ్చిందట. ఆవిడ బొమ్మ గురించి ఆవిడకే గంటసేపు పాఠం చెప్పి పంపావట. 'అంచు అని ఒక్క మాట అన్నాను బాబాయ్, ఇంక నన్ను మాట్లాడనివ్వలేదు' అంది ఇందాక."

మేస్త్రి విసురుగా లేచి రోడ్డు దాటాడు. హాలు తలుపు తెరిచే ఉంది. లోపల ఆవిడ, పటం విప్పిన బొమ్మ ముందు, వీపు ఇటు పెట్టి నుంచుంది. మేస్త్రి మొదటి మెట్టు ఎక్కాడు. రెండోది ఎక్కాడు. అక్కణ్నుంచే వెనక్కి దిగి వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"ఏం, క్షమించమని అడగడానికి నామోషీ అయిందా?" అంది అక్క.

"అడుగుదామనే వెళ్లాను!" అరిచినట్టే అన్నాడు, కానీ ఈసారి ఆ అరుపు తన మీదే. "రెండో మెట్టెక్కేసరికి, ఆ పిల్లాడి గురించి ఆవిడకి ఏం వివరించాలో నోట్లో తయారైపోయింది. ఎదుటిమనిషి మాట పూర్తయ్యేదాకా నోరు మూసుకు నుంచోవడం నాకింకా రాలేదక్కా."