ఎర్ర గొట్టం

పిల్లల ఐసీయూ. మంచం మీద నిద్రపోతున్న ఆరేళ్ల పాప, మెడలోని గొట్టంతో ఊపిరితిత్తుల పని చేసే మెషిన్‌కి కలిపి ఉంది. ఒకపక్క అమ్మమ్మ, ఇంకోపక్క స్కానింగ్ మెషిన్‌తో డాక్టరమ్మ.

“...అది కాదమ్మా, కడుపుతో ఉన్నవాళ్లకి చేసే స్కానింగు ఈ పిల్లకేంటని!”

“దీనికి కడుపైనా ఒకటే, మెడైనా ఒకటే అమ్మమ్మగారూ. మెడలోంచి గుండెదాకా ఆ గొట్టం వేసింది దీంతో చూసుకుంటూనే. కాస్త పక్కకి జరిగినా కష్టం, అందుకే రోజూ చూస్తాం.”

“చూడు, చూడు. ఆ జెల్లీ మాత్రం తక్కువ పుయ్యి. అసలే చలికి ఓర్వలేదు.”

“సరే. గొట్టం ఉన్నచోటే ఉంది. ఇప్పుడు ఊపిరితిత్తులు... తెరమీద ఆ తెల్లగీత చూశారా?”

“చీమల బారులా పోతోంది.”

“అదే మనకి కావాల్సింది. ఊపిరితిత్తి కదిలితేనే ఆ గీత కదులుతుంది. నిమోనియాకి గట్టిపడిపోయి మొన్నటిదాకా కదల్లేదది.”

“కదిలింది కదా అని ఇవాళే ఈ ఊపిరి మెషిన్ ఆపేస్తావా ఏంటి? వద్దు తల్లీ! నీకు పుణ్యముంటుంది, ఇంకో రెండ్రోజులుంచు. దాని ప్రాణమంతా అందులోనే ఉంది. ఎవరి కాలో తగిలి ఊడుతుందని ఆ ప్లగ్గు దగ్గరే కూర్చుంటున్నా.”

“తెలుసు. నర్సులు మీకు కరెంటు మామ్మ అని పేరు కూడా పెట్టారు.”

“పెట్టుకోనీ, నాకేం! ఇదేంటమ్మా?”

“ఏది?”

“ఈ గొట్టం. నల్లరక్తం ఆ రెండో గొట్టంలోంచి వచ్చి, మెషిన్‌లో గాలి ఎక్కించుకుని, ఇందులోంచి ఎర్రగా లోపలికి పోతుందని నువ్వేగా చెప్పావు? ఇదీ నల్లగానే ఉందేం?”

“ఒక్క నిమిషం, ఇటువైపు కూడా చూడనివ్వండి.”

“మాట దాటెయ్యకు! రెండూ నల్లగానే ఉన్నాయి. పంపు తిరుగుతోంది, చప్పుడూ వస్తోంది. మరి ఎరుపేదీ? ఎవర్నైనా పిలువు తల్లీ!”

“కూర్చోండి, కూర్చోండి. ముందు పాప గోళ్లు చూడండి. ఎలా ఉన్నాయి?”

“గోళ్లకేం... గులాబీ రంగులో ఉన్నాయి. మరి రక్తం...”

“మీ అమ్మాయికి చెప్పే చేశాం. మీకు చెబితే మీ ఊపిరి ఆగుతుందని తనే వద్దంది.”

“ఏం చేశారు? చెప్పు, చంపకు!”

“మెషిన్‌కి పోయే ఆక్సిజన్ పొద్దున్నే కట్టేశాం. పంపు ఊరికే తిరుగుతోంది. ఇవాళ మీరొచ్చి కాపలా కూర్చున్నప్పట్నుంచీ ఊపిరి తీస్తున్నదంతా మీ మనవరాలే.”