నడుమ పోగులు

సిరిసిల్ల. సకల జనుల సమ్మె రోజులు. పగటిపూట, కంప్యూటరు ముందు రాధిక, పక్క కుర్చీలో పక్కింటి మొగిలయ్య. ఆమె ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా మాట్లాడుతోంది.

"ఆపు బిడ్డా, ఆపు! గీమె మీ సిన్నమ్మనా? గీ కీసుకీసేంది, కోడిపిల్ల లెక్క!"

"ఇంద్రమ్మ సిన్నమ్మనే కాకా. జర ఆగు. స్పీడు తప్పింది."

"నా ఫోన్ల గిట్ల లేకుండె."

"ఫోన్ల మంచిగ ఇనవడ్తుందా?"

"ఏడ ఇనవడ్తది? నాతోని ముచ్చటంటే చెవిటోని ముందర శంఖమూదినట్టే గద. గా మరమగ్గాల సాంచెలే తిన్నయి నా చెవులు. నీ స్పీకర్లు పెద్దయని తెచ్చిన."

"మరి నా మాటిను. నీ ఫోను సిన్నమ్మ గొంతును సెకనుకు ఎనిమిది వేల తునకలు జేసి ఎక్కించింది. నా కంప్యూటరు పాతది. దీని సౌండు కార్డుకు ఒక్కటే స్పీడు ఎరుక, నలభై ఎనిమిది వేలు. ఎనిమిది వేలదాన్ని గా స్పీడుతోని ఉరికిస్తే కోడిపిల్లనే అయితది."

"సిన్న సాంచెకు పెద్ద మోటరు వెట్టినట్టు."

"గట్లనే అనుకో. గిప్పుడు కార్డుకు సరిపోయేటట్టు మార్వాలె. ఒక్కొక్క తునక ఒక పోగనుకో, దాని ఎన్క ఇంకో అయిదు పోగులు వెయ్యాలె."

"గా అయిదు పోగులు ఏడికెల్లి తెస్తవ్?"

"కంప్యూటరే వేస్తది. గీ పక్క పోగును, గా పక్క పోగును జూసి, నడుమ అందాజగా."

"అందాజగనా? మరి గవి ఇంద్రమ్మయి అయితయా?"

"అయితయి కాకా. కొత్త మాటేం పుట్టది."

"ఏమో. ఎవలు ఏసిన పోగో నేసెటోనికి ఎరుకైతది."

"అబ్బా, నీకన్నీ అనుమానాలే! ఇంతకు ఇయ్యాల్నే కావాల్నా? కరెంటు ఎప్పుడు పోతదో ఎరుకలేదు. సింగరేణిల గూడ సమ్మెనాయె."

"ఇయ్యాల గాకపోతె ఎప్పుడే? సాంచెలు నడిచినన్ని దినాలు నాకేం ఎరుకైతలేకుండె. పొద్దంత దడదడ, మాపటికి పండుకునుడు. తెలంగాణ రావాలె, సమ్మె జెయ్యాలె, నేను గూడ జెండ వట్టిన. గని సాంచెలు బందైనకాడికెల్లి ఇంట్ల ఉండవుడ్తలేదు బిడ్డా. ఇల్లు మింగుతున్నది."

"నిన్న రోడ్డు మీద వంటావార్పుకు పోయినవ్ గద?"

"పోయిన. గంత మందిల కూసుండి తిన్న. ఎవడో ఏదో అన్నడు, అందరు నవ్విండ్రు, నేను గూడ నవ్విన. ఏమన్నడో ఇప్పటికి ఎరుకలేదు."

"మా ఇంటికన్న రాకపోతివి."

"ఒచ్చి? ఈడ గూడ నవ్వాల్నా?"

"గట్లనకు కాకా."

"మీ సిన్నమ్మ ఉన్నప్పుడు చెవులతోని పని లేకుండె. ఆమె మొకం జూస్తె ఎరుకయ్యేది. పక్కపక్క సాంచెలాయె మాయి. అయ్యిందా?"

"అయితుంది. గీ రికార్డు ఎప్పుడు జేసినవ్?"

"నా సాంచె ఖరాబయి టకటక కొడుతుండె. కోరుట్ల మిస్త్రికి ఫోన్ జేస్తె, గా సప్పుడు ఎక్కిచ్చి తెమ్మన్నడు. ఇని చెప్తడట, ఏం ఇరిగిందో. ఫోను సాంచె మీద వెట్టిన. గప్పుడే మీ సిన్నమ్మ ఎన్కకెల్లి ఏదో అన్నది, చెయ్యి లేపింది."

"చెయ్యి లేపుడేంది?"

"సాంచెల కాడ మాట ఇనవడ్తదా? అంత చేతులతోనే. చెయ్యి లేపితె పోగు తెగిందని. నేను గూడ లేపిన, సరే, అతుక్కో అని."

"గదెన్నడు కాకా?"

"గా దినమే. మాపటికి పాయె గద."

"అయ్యో, గా దినందేనా గిది!"

"గా దినందే. అయ్యిందా?"

"ఆ... అయ్యింది. స్పీకర్లు నీ దిక్కు తిప్పుతున్న."

"పెద్దగ వెట్టు. ఇంకా పెద్దగ."

స్పీకర్లలో, సాంచె మోత నడుమ ఇంద్రమ్మ గొంతు:

"ఏమయ్యా... గిటు సూడు. ఛాతిల వట్టేసినట్టయితుంది. జర సాంచె ఆపు. గిటు సూడయ్యా..."

"నాకు దడదడ ఒక్కటే ఇనవడ్డది. ఆమె గొంతేనా గది? మంచిగొచ్చిందా?"

"మంచిగ... మంచిగనే ఒచ్చింది కాకా."

"కోడిపిల్ల లెక్క లేదు గద?"

"లేదు. సిన్నమ్మ లెక్కనే ఉన్నది."

"మరి ఏమన్నది?"

"ఆ?"

"ఏమన్నది అంటున్న. నీ చెవులు మంచిగున్నయి గద."

"గదే కాకా... నువ్వన్నదే. పోగు తెగిందన్నది. పోగు తెగింది, అతుక్కుంట అని."

"గంతేనా?"

"గంతే. గంతే కాకా."

"మల్ల వెట్టు."

"ఒద్దు. కరెంటు పోయేటట్టున్నది. రేపు ఇందువు."

"ఫ్యాను తిరుగుతనే ఉన్నది. ఏడుస్తున్నవేందే?"

"ఏం లేదు. సిన్నమ్మ యాదికొచ్చింది."

"ఆమె పోయిన తెల్లారి నేను ఆమె సాంచె కాడికి పోయి సూషిన బిడ్డా. గీ చివరికెల్లి గా చివరిదాక తడిమి సూషిన. ఒక్క పోగు గూడ తెగలే, అతికిన ముడి గూడ లేదు."

"కాకా..."

"గది నువ్వు నడుమ ఏసిన పోగు. చెప్పు బిడ్డా, సాంచె ఆపుమన్నదా?"