వేడినీళ్ళ లెక్క

ఏంటే అది, ఏం రాస్తున్నావు, ఇటు తిప్పు ఒకసారి. కళ్ళజోడు ఎక్కడ పెట్టి చచ్చానో... సరే, లేకపోయినా కనిపిస్తోందిలే. కొక్కేలు. ఇంకా ఉన్నాయా ఇవి చదువుల్లో? నవ్వకు, మేం వాటిని కొక్కేలనేవాళ్ళం. ఇంటిగ్రల్ అని నాకూ తెలుసు, నోరు తిరగక కాదు. మా లెక్కల మాస్టారి భార్య అలా అనేది, అది మాకందరికీ అంటుకుంది. కాలేజీలో మాకు చెప్పినాయన వేరులే, ఆయన మాకు వీపు చూపించి బోర్డుతో మాట్లాడుకునేవాడు. ఈ మాస్టారిది ట్యూషను. టైలరు కొట్టు మీద గది. ఇనుప మెట్లెక్కి పైకెళ్తే రెండు కిటికీలు, ఒక గోడకి నల్లరంగు పూసి దాన్నే బోర్డన్నారు. గోడ పెచ్చులూడిన చోట ఏ అంకె రాసినా సగమే పడేది. కింద మిషన్లు టకటకమంటుంటే ఆయన వాటిని మించి అరిచేవారు. ఏం గొంతనుకున్నావు. రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా ఉత్తపుణ్యానికి లెక్కలొచ్చేసేవి. నువ్వక్కడ ఏం చేశావు, ఎక్స్ స్క్వేర్‌ని టి అనుకున్నావా? ఆయనా అంతే. "చూడండమ్మా, ఈ టి అనేవాడు అద్దెకొచ్చాడు. లోపల చిక్కుగా ఉన్నదాన్ని వాడి పేరు పెట్టి పిలిచాం, పని తేలికైంది. పనయ్యాక వాడు పెట్టె సర్దుకోవాలి, ఎక్స్ మళ్ళీ ఇంట్లోకి రావాలి. జవాబులో కూడా టి ఉందంటే అద్దెవాడు ఇల్లు రాయించుకున్నాడన్నమాట." ఇంకో పట్టు కూడా ఉండేది ఆయనకి. లెక్క అయ్యాక డస్టరు చేత్తో పట్టుకుని "సందేహాలు?" అనేవారు. ఒక్క సందేహమైనా రావాలి, వచ్చేదాకా బోర్డు చెరిపేవారు కాదు. మాలో ఒకడున్నాడు, వాడికి డౌటనే పేరు పడిపోయింది, అసలు పేరు వాళ్ళమ్మకైనా గుర్తుందో లేదో. ఇంటికెళ్ళాలనిపిస్తే మేం వాణ్ణి మోచేత్తో పొడిచేవాళ్ళం, అడగరా బాబూ, అడుగు, అని.

ఏం చెప్తున్నాను... ఆఁ, గొంతు. ముందు జలుబన్నారు. తర్వాత ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చుకుని, లైనుకో గుక్క తాగుతూ చెప్పేవారు. తర్వాత పెద్దాసుపత్రి అన్నారు, ఆ జబ్బు పేరు అప్పట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. గొంతు తగ్గేకొద్దీ కింద టైలరు ఒక్కో మిషనే ఆపించాడు. అంత కోపిష్టి మనిషి, మెట్ల మీద మా చెప్పుల చప్పుడుకే తిట్టేవాడు, పాఠం మొదలవ్వగానే కాలు పెడలు మీంచి తీసేసేవాడు. ఒకరోజు మాస్టారు నోరు తెరిచారు, మాట రాలేదు. మేమందరం లేచి నిలబడ్డాం, ఇంక అయిపోయింది, వేరే ట్యూషను చూసుకోవాలనుకున్నాం. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, పెద్ద చాప్టరు మిగిలుంది. మర్నాడు వెళ్తే మాస్టారి భార్య బోర్డు దగ్గర నిలబడి ఉంది. ఆయన పేము కుర్చీలో, ఒళ్ళో పలక. ఆయన రాస్తారు, ఈవిడ చూసి బోర్డు మీద దించి పైకి చదువుతుంది. ఈవిడ చదివింది చిన్న తరగతులే. ఎవరిదో ఇంటి అడ్రసు చదివినట్టు చదివేది, "కొక్కెం, దాని లోపల కాస్ ఎక్స్ స్క్వేరు," అని. వెనక బెంచీవాళ్ళు కిసుక్కుమంటే తనూ నవ్వేది. మైనస్ మర్చిపోతే ఆయన బలపంతో కుర్చీ చేతి మీద టక్‌మని కొట్టేవారు, ఈవిడ నాలిక్కరుచుకుని దిద్దేది. ఎవరైనా సందేహం అడిగితే "ఉండు బాబూ, అడిగి చెప్తాను," అని కుర్చీ వైపు తిరిగేది. ఆయన రాసేవారు, ఈవిడ భుజం మీంచి వంగి చూసేది. మేం ఆడపిల్లలం లెక్క చూస్తే ఒట్టు, ఆ వంగడమే చూస్తూ కూర్చునేవాళ్ళం. అప్పటి వయసు అలాంటిది.

ఆ మిగిలిన చాప్టరు నీకూ వస్తుంది చూడు, వై లన్నీ ఒక పక్కకి, ఎక్స్ లన్నీ ఒక పక్కకి తోసేది. అది మొదలుపెట్టిన రోజు ఆవిడ పలక మీదది చదివింది. "రెండూ కలిసి ఉండగా కొక్కెం వేస్తే ఏమీ రాదు. విడదీశాకే వెయ్యాలి." చదివి ఆగిపోయింది. "ఇదేం లెక్కండీ," అంది చిన్నగా. ఆయన నవ్వారు, నవ్వితే దగ్గొచ్చింది. ఆ చాప్టరు పూర్తి చెయ్యాలని ఒకటే పట్టు ఆయనకి. చివర్న వేడినీళ్ళు చల్లారే లెక్క ఒక్కటి మిగిలింది. ఇంట్లో ఆవిడ చేత అప్పజెప్పించుకుంటున్నారని టైలరు చెప్పేవాడు. ఆ లెక్క చెప్పకుండానే పోయారు.

కొన్నాళ్ళకి టైలరే కబురు పెట్టాడు, అమ్మగారు ట్యూషనుకి రమ్మంటున్నారని. మేం మెట్ల మీదే మాట అనుకున్నాం, ఎవరూ సందేహం అడగొద్దు, ఆవిడ ఎలా చెప్తే అలా తలూపి వచ్చేద్దాం అని. డౌటుగాడి చేత ఒట్టు వేయించాం. పైన కుర్చీ అక్కడే ఉంది, అందులో పలక. కింద మిషను ఆగిపోయింది. ఆవిడ మొదలుపెట్టింది. నీళ్ళ వేడిలోంచి గది వేడి తీసేస్తే మిగిలింది యూ అనుకుందాం. యూ ఎంత ఎక్కువుంటే అంత తొందరగా తగ్గుతుంది. యూ లన్నీ ఇటు, కాలం అటు. ఇటో కొక్కెం, అటో కొక్కెం. ఇటు లాగ్ యూ, అటు... అని ఆగింది. "మైనస్," అంది తనే. మైనస్ కె టి, ప్లస్ సి. నీళ్ళు మొదట్లో ఎంత వేడో తెలిస్తే సి ఎంతో తెలుస్తుంది. ఒక్క తప్పు లేదు. డస్టరు తీసుకుని మా వైపు తిరిగి "సందేహాలు?" అంది.

అనుకున్నట్టే అందరం తలలూపాం. ఆవిడ అలాగే నిలబడింది, బోర్డు చెరపదు, మమ్మల్ని వెళ్ళమనదు. ఆ డస్టరు పట్టుకున్న చెయ్యి నాకిప్పటికీ... ఎంతసేపని. ఎవరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చివరికి వాడే, డౌటు, లేచాడు. ఆవిణ్ణి అలా నిలబెట్టలేకే లేచాడు, నాకు తెలుసు, వాడు మంచివాడు. "అమ్మగారూ, ఈ లెక్క ప్రకారం నీళ్ళు పూర్తిగా చల్లారేదెప్పుడండీ?" అన్నాడు. ఆవిడ మొహంలోకి వెలుగొచ్చింది. "ఉండు బాబూ, అడిగి చెప్తాను," అంది. అని కుర్చీ వైపు తిరిగింది. వంగింది కూడా.

ఏంటి? ఎప్పటికీ పూర్తిగా చల్లారవా? దగ్గరకి పోతూ ఉండడమేనా. ఊఁ. చిటికెలో చెప్పేశావు నువ్వు.

...ఆ లైటు వెయ్యి, చీకట్లో రాస్తే కళ్ళు పోతాయి. జవాబు చివర సి వెయ్యలేదు, చూసుకో.