రెండో జడలబర్రె

ఓష్ మోటారు బజారులో ఇంజను పైమూతలైన హెడ్లను కోసి నునుపు పట్టే సగిన్‌బాయ్ చేతిలో టీ గిన్నె పడిందంటే చాలు, ఇక ఆయన నోటికి బ్రేకులుండవు.

ఆ పొద్దున అనార్కుల్ తన వ్యాను హెడ్లు రెండూ కంబళిలో చుట్టి తెచ్చి, టీ కొట్టు బల్ల చివర ఒదిగి కూర్చుంది. ఆమె బండికి అటు మూడు, ఇటు మూడు సిలిండర్లు, పక్కకొక హెడ్డు. ఇదివరకు ఎవడో ఎడమదాన్ని ఎక్కువ కోసేశాడు. అప్పట్నుంచీ బండికి చలిజ్వరం వచ్చినట్టు ఒకటే వణుకు. ఇంకొక్కసారి కోత తప్పిందా, రెండూ తుక్కుకే. మంచు పడేలోపు కనుమ మీద నాలుగు ట్రిప్పులు తిప్పకపోతే ఈ చలికాలం ఇల్లు గడవదు. ఈ మనిషిని నమ్మొచ్చా లేదా అని వింటూ కూర్చుంది.

"సమానంగా కొయ్యడమంటే నన్నడగండి," అంటున్నాడు సగిన్‌బాయ్. "అదిగో, ఆ తెల్ల జిగులీ కారులోనే తల్దిక్ కనుమ ఎక్కుతున్నా. నీళ్లు పొయ్యడం మరిచా. ఇంజను ఉడికిపోయి హెడ్లు రెండూ అప్పడాల్లా వంకర తిరిగాయి. చుట్టుపక్కల మిషను లేదు, మనిషి లేడు. అప్పుడేం చేశానో తెలుసా?"

"ఏడ్చుంటావు," అన్నాడు టీ కొట్టు మామసాలి.

"కన్నీళ్లు కూడా గడ్డకట్టే చలిరా అది! పక్కనే చెరువు, అద్దంలా గడ్డకట్టి ఉంది. దాని మీద గరుకుకాగితంలా ఏటి ఇసుక చల్లా. రెండు జడలబర్రెల్ని పట్టుకొచ్చి, ఎడమ హెడ్డు ఒకదానికి, కుడి హెడ్డు ఇంకోదానికి కట్టి తోలా. ఇదెన్ని అడుగులేస్తే అదీ అన్నే. ఒకటి తుమ్మితే రెండోదాన్నీ తుమ్మించా, తేడా రాకుండా!"

"తుమ్మించావా?"

"ముక్కులో గడ్డిపోచ పెట్టి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? హెడ్లు బిగించి తాళం తిప్పితే ఇంజను చప్పుడే లేదు. దాని మీద నిండు గిన్నె పెడితే టీ తొణకలేదు. పెట్రోలు అయిపోయినా బండికి ఆ సంగతి తెలీలేదు, ఎక్కుతూనే ఉంది. ఎంత జోరుగా ఇల్లు చేరానంటే, మా ఆవిడ ఎదురొచ్చి, 'ఇంకా బయల్దేరలేదా?' అంది!"

బల్లంతా గొల్లున నవ్వింది. అనార్కుల్ మాత్రం గిన్నె కింద పెట్టి మెల్లగా అడిగింది.

"అన్నా, జిగులీకి నాలుగు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి కదా. ఉన్నది ఒక్కటే హెడ్డు. మరి రెండో బర్రె దేన్ని లాగిందన్నా?"

మామసాలి నోట్లోని టీ ముక్కులోంచి వచ్చింది. సగిన్‌బాయ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆమె మూట అందుకుని లేవబోయింది.

"ఉండమ్మా," అంటూ ఆయనే వంగి కంబళి విప్పాడు. రెండు హెడ్ల ఎత్తూ మూడేసి చోట్ల కొలిచాడు. స్టీలు స్కేలు నిలబెట్టి, దాని కింద వెలుతురు వస్తుందేమోనని ఒంటికన్నుతో చూశాడు. మరోసారి కొలిచాడు. అంతసేపూ ఆ నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

"ఎడమది నూలుపోగంత ఎక్కువ తెగింది. దాన్ని ముట్టను. కుడిదాన్నే దీని ఎత్తుకు దించుతా. పక్కనే కూర్చో, నువ్వూ కొలుచుకుందువు."

అనార్కుల్ మూట మీంచి చెయ్యి తీసింది.

వారం తర్వాత కనుమ మీంచి తిరిగొచ్చి, నడుస్తున్న ఇంజను మీద నిండు గిన్నె పెట్టి ఆయన్ని పిలిచింది. "కొంచెం తొణుకుతోందన్నా."

"మరి నువ్వు బర్రెల్ని వద్దన్నావుగా!" అన్నాడు సగిన్‌బాయ్.