వంకర స్టూలుకి కొత్త బొంత

సామాను ఎక్కించే లారీ వచ్చి వాకిట్లో ఆగింది. లోపల భార్య కొత్త బొంత తీసి ఓ పాత స్టూలుకి చుట్టి, తాడు బిగిస్తోంది. అది చూసేసరికి భర్తకి ఒళ్ళు మండింది.

"మతి పోయిందా నీకు? అంత మంచి సోఫాకి చిరుగుల దుప్పటి కప్పి, ఈ కుంటి స్టూలుకి కొత్త బొంతా?"

"కుంటిదనకండి. అమ్మాయి వడ్రంగం నేర్చుకుంటూ మొట్టమొదట చేసింది."

"తెలీకేం? మూడు కాళ్ళది ఒక దారి, నాలుగోదానిది ఇంకో దారి. కూర్చోగానే వెల్లకిలా పడ్డది నేనేగా!"

"పడి లేచి, నడుం పట్టుకుని 'బ్రహ్మాండంగా ఉందమ్మా' అన్నదీ మీరేగా!"

"సరేలే. ఆ సోఫా కూడా మన అమ్మాయి చేసిందేగా. వచ్చినవాళ్ళంతా ఎక్కడ కొన్నారని అడుగుతారు. దానికి గీత పడితే?"

"పడితే పడనీండి. అలాంటివి ఇంకో పది చేసిపెడుతుంది. ఇంత వంకరగా చెయ్యమంటే మాత్రం ఇప్పుడు దాని వల్ల కాదు."

ఆయన చెయ్యి తనకు తెలీకుండానే మీసం మీదికి పోయింది. కాసేపు ఆ మూటకేసే చూశాడు.

"అయితే దాన్ని లారీ ఎక్కించకు. నా ఒళ్ళో పెట్టుకుంటాను."